తూర్పు మూల లంకెబిందెలు

మెంతులు చల్లుదామని మడి తవ్వుతుంటే పార దేనికో తగిలి ఖణేల్మంది.

ఇక్కడ జర్మనీలో, జిండెల్ఫింగెన్ ఊళ్ళో, చలి ఇంకా పూర్తిగా పోలేదు. నేల పైపైన మెత్తబడిందంతే. ఊరి చివర వరసగా అద్దెకిచ్చే చిన్న చిన్న తోటల్లో ఒకటి మాది. మా ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో పేరు రాయించుకుంటే, రిటైరయ్యాక గానీ వంతు రాలేదు. ఈ దేశంలో వంకాయ మొక్క నాటుకోవడానికి కూడా టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, కావాలని ఆయన ఇప్పటికీ విసుక్కుంటారు. తోటకి మాత్రం రారు. నేనూ, కీటాకి, అంటే పసిపిల్లల బడికి, సెలవు ఉన్న రోజుల్లో నా మనవరాలూ వస్తాం.

పక్క తోట ఆవిడ ఐర్లండ్ మనిషి. జర్మన్ అబ్బాయిని చేసుకుని నాకంటే చాలా ముందే ఇక్కడికి వచ్చింది. ఇద్దరిదీ అరువు జర్మనే కాబట్టి ఆవిడ మాట నాకూ, నా మాట ఆవిడకీ బాగా అర్థమవుతాయి. పార చప్పుడు వినగానే ఆవిడ కంచె మీద నుంచి వంగి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మాట్లాడకండి. మాట్లాడితే పోతుంది" అంది గుసగుసగా.

నా మనవరాలు వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆవిడ చేతి పారతో వచ్చి నా పక్కన కూర్చుంది. ముగ్గురం ఊపిరి బిగబట్టి తవ్వాం. అడుగు ఊడిపోయిన పాత ఎనామిల్ గిన్నె ఒకటి బయటపడింది. పిల్ల ఇక ఆగలేకపోయింది.

"అమ్మమ్మా, ఇస్ట్ దాస్ గోల్డ్?" అంది, అది బంగారమా అని.

"అయ్యో, మాట్లాడేశావు! అంతా తుప్పయిపోయింది చూడు" అని ఐర్లండ్ ఆవిడ పకపకా నవ్వింది.

ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, బోర్లించిన డబ్బాల మీద కూర్చున్నాక ఆవిడ అసలు సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న పొలం మధ్యలో గుండ్రటి మట్టికట్ట ఒకటి ఉండేదట, దాని మీద ముళ్ళచెట్టు. కింద కుండెడు బంగారం, కాపలాకి నల్ల కుక్క. తవ్వేవాడు దొరికేదాకా నోరు విప్పకూడదు. ఎవడో బంగారం మెరుపు చూసి ఆనందం పట్టలేక దేవుడా అన్నాడట, అంతా ఎండుటాకులైపోయాయట. ఇలాంటి కథలు ఊరూరా ఉండేవట. అందుకే ఆ కట్ట మీదికి ఎవరూ నాగలి తోలేవారు కాదు.

"మా అమ్మ పోయాక తెలిసింది నాకు. జ్ఞానస్నానం కాకముందే పోయిన పసిబిడ్డల్ని చర్చి సమాధుల్లో పెట్టనిచ్చేవారు కాదు. అలాంటి బిడ్డల్ని ఆ కట్ట లోపలే పెట్టుకున్నారు. మా తమ్ముడూ అక్కడే ఉన్నాడు. బంగారం కథ చెప్పింది అందుకే" అంది.

నేను కాఫీ తాగడం మరిచిపోయాను. ఎందుకంటే కృష్ణకి ఇవతల, మిరపచేల మధ్య, మా ఊళ్ళోనూ ఒక దిబ్బ ఉండేది. దాని తూర్పు మూలలోనూ ఒక బిడ్డ ఉంది. ఆ మూల మిగలాలని మా నాయనమ్మ ఒక వేసవంతా నానా అగచాట్లు పడింది. తీరా దాని మీద మొదటి గునపం వేసింది మేమే.

ఎప్పుడో పాడుపడిన ఊరు మట్టిగుట్టగా మిగిలితే దాన్ని మా వైపు పాటిదిబ్బ అంటారు. ఆ మట్టి బూడిదరంగులో ఉండేది. వేసవిలో రైతులు బండ్లతో తోలుకుపోయి చేలకి వేసేవారు, ఎరువుకంటే బలమని. తొలకరి చినుకులు పడగానే దిబ్బంతా, ఆరీ ఆరని పొయ్యి మీద నీళ్ళు చల్లినట్టు వాసన వేసేది. ఆ వాసన తగిలిందంటే పిల్లలం ఇళ్ళలో నిలిచేవాళ్ళం కాదు. వాన మట్టిని కడిగేస్తే ఎర్ర పూసలూ నల్ల పూసలూ తేలేవి. ఏరుకొచ్చి దారానికి గుచ్చి బొమ్మల మెడలో వేసేవాళ్ళం. తొక్కుడుబిళ్ళకి అక్కడి చిల్లపెంకుని మించింది లేదు. ఎన్ని వందల ఏళ్ళ కిందటి ఇల్లాలు ఏ కూర వండుకున్న కుండ పెంకో, దాన్ని కాలితో తన్ని గడులు దాటించేవాళ్ళం. ఇప్పుడైతే గాజుపెట్టెలో పెట్టి టికెట్టు పెడతారు.

ఆ దిబ్బ తూర్పు మూలలో లంకెబిందెలున్నాయని మా నాయనమ్మ చెప్పేది. గొలుసుతో ఒకదానికొకటి కట్టేసిన రెండు బిందెలు, నిండా కాసులు. మిట్టమధ్యాహ్నం ఊరు సద్దుమణిగాక అవి భూమి లోపల కదులుతాయి. చెవి ఆనించి వింటే గొలుసుల చప్పుడు. తల మీద జుట్టున్న పాము కాపలా. తవ్వేటప్పుడు మాట్లాడకూడదన్న నియమం మాకూ ఉంది. ఐర్లండ్ ఆవిడ వేలు పెదాల మీద పెట్టుకోగానే నాకు నాయనమ్మే కనిపించింది.

ఈ కథలన్నీ చింతపండు కొట్టే రోజుల్లో జరిగేవి. మధ్యాహ్నం పూట వసారాలో అమ్మా, నాయనమ్మా, చుట్ట కాల్చుకుంటూ ఎదురింటి ముసలమ్మా కూర్చుని పిక్కలు తీసేవారు. మేం ఆ పిక్కల్ని పెనం మీద వేయించుకుని, పళ్ళు ఊడొస్తాయేమోనన్నంత గట్టిగా ఉన్నా కొరుక్కుతినేవాళ్ళం. ఒకరోజు ఎదురింటి ముసలమ్మ చుట్ట తీసి, "ఊరికే రావు గదంటే లంకెబిందెలు. తొలిచూలు బిడ్డని అడుగుతయ్యి" అంది.

"నోర్ముయ్యవే! బిడ్డల్నేం జేసుకుంటయ్యి బిందెలు? గుమ్మడికాయ ఇస్తే సరిపోద్ది" అని నాయనమ్మ కసిరింది. అమ్మ పిక్క తీయడం ఆపి, మళ్ళీ తీయడం మొదలుపెట్టింది. గుమ్మడికాయతో పనైపోతుందన్న ముక్క మాత్రం మా చెవుల్లో ఉండిపోయింది.

ఆ ఏడు మా ఊరికి ట్రాక్టరొచ్చింది. తెచ్చింది మాకు బాబాయి వరసాయన. దేనికీ జడవని మనిషి, దేన్నీ నమ్మని మనిషి. ఇక బండ్లతో పని లేదనీ, దిబ్బ మొత్తం ఈ వేసవిలోనే తోలించేస్తాననీ ఊరంతా చెప్పాడు. నాయనమ్మ వాళ్ళింటికి వెళ్ళి మరీ వద్దంది.

"తూర్పు మూల వదిలెయ్ నాయనా. ఆ బిందెల జోలి మంచిది కాదు."

"నువ్వు చెప్పేదే నిజమైతే మంచిదేగా పెద్దమ్మా! మట్టికి మట్టీ, కాసులకి కాసులూ. నీకో నానుతాడు చేయిస్తాలే" అని ఆయన నవ్వాడు.

ఆ రోజు నుంచి నాయనమ్మకి అన్నం సయించలేదు. కథలో పాము ఇంకా పొడుగైంది, గొలుసులు ఇంకా గట్టిగా మోగాయి. కూలీలకి చెప్పింది, ట్రాక్టరు డ్రైవరుకి చెప్పింది, కల్లు తీసేవాడికీ చెప్పింది. పెద్దవాళ్ళు కొందరు జడుసుకున్న మాట నిజమే. కానీ పిల్లలు కూడా వింటున్నారని ఆవిడకి తట్టలేదు. ఎవరూ పోకూడదనుకున్న చోటికి మాకు తనే దారి చూపించింది.

సెలవులకి వచ్చిన మా మేనత్త కొడుకు, నా బావ, ఈ కథలతో నిద్ర మానుకున్నాడు. "ట్రాక్టరోళ్ళకి దొరికితే మనకేమొస్తది? మనమే ముందు తవ్వుదాం" అన్నాడు. వాడికి సైకిలు కావాలి. నాకు అమ్మకి పుట్టిల్లు కొనాలని ఉండేది. అమ్మ చిన్నప్పుడే వాళ్ళమ్మ పోయింది. వేసవి వస్తే నా స్నేహితురాళ్ళందరూ అమ్మమ్మగారి ఊళ్ళకి పోయేవారు, మేం ఎక్కడికీ పోయేవాళ్ళం కాదు. పుట్టిల్లు డబ్బు పెడితే దొరుకుతుందని నా నమ్మకం. బావ కూడా రెండు బిందెల్లో ఒకటి అయితే సరిపోవచ్చన్నాడు.

వడియాల కోసం నాయనమ్మ అటక మీద దాచిన బూడిద గుమ్మడికాయ ఉంది. ఇంట్లో అందరూ నడుం వాల్చిన వేళ దాన్ని దించి గోనెసంచిలో వేశాం. బావ గునపం భుజాన వేసుకున్నాడు. ఎండకి కాళ్ళు చుర్రుమంటుంటే తంగేడు పొదల నీడల్లోంచి దూకుతూ తూర్పు మూలకి చేరాం. కాయని దిబ్బ మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నాం. అక్కడి నుంచి మాటల్లేవు. బావ గునపం వేస్తుంటే నేను చేతుల్తో మట్టి లాగాను. నా జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది అప్పుడే. కాసేపటికి గునపం ఖణేల్మంది. వెడల్పాటి రాయి అంచు కనిపించింది. బిందెల మీద మూత! బావ కళ్ళు ఇంతలయ్యాయి. నేను కేక పెట్టకుండా పెదవి కొరుక్కున్నాను.

సరిగ్గా అప్పుడే నాయనమ్మ గొంతు వినిపించింది. మర్నాటి వడియాలకి గుమ్మడికాయ కోసి, ఉప్పు వేసి, గుడ్డలో మూటకట్టాలని లేచిందట. అటక మీద కాయ లేదు, మూలన గునపం లేదు, మేం లేం. ఆవిడకి ఇంకేం చెప్పాలి? పరుగెత్తుకొచ్చింది. పెద్దావిడ అలా పరుగెత్తడం చూసి అమ్మ కూడా వెనకే వచ్చింది.

"ముట్టుకోమాకండిరా! గునపం అవతల పారెయ్!"

"అమ్మమ్మా, మాట్లాడావు గదే! పోయినయ్యి, అన్నీ పోయినయ్యి!" అని బావ ఏడుపు లంకించుకున్నాడు.

నాయనమ్మ వాణ్ణి పక్కకి నెట్టి, ఆ రాయి మీద కూలబడింది. వగరుస్తోంది. రెండు చేతులూ రాయి చుట్టూ వేసి కప్పేయాలని చూస్తోంది. అమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. నాయనమ్మ చేతుల సందులోంచి కనిపిస్తున్న రాయి అంచుని చాలాసేపు చూసింది.

"ఇది మన సన్నికల్లు గదా అత్తయ్యా. పగిలిందని పారేశానన్నారు" అంది అమ్మ.

నాయనమ్మ తల ఎత్తలేదు. "కుక్కలు తవ్వుతయ్యని పెట్టాను తల్లీ. బరువుగా ఉండేది ఇంట్లో అదొక్కటే కనపడింది" అంది.

తల్లి లేని అమ్మాయి కాబట్టి అమ్మకి తొలి పురుడు కూడా నాయనమ్మే పోసింది. ఆడపిల్ల. పేరు పెట్టే రోజు రాకముందే పోయింది. అంత పసిబిడ్డల్ని కాల్చరు, మట్టిలో పెడతారు. బాలింతకి ఆ చోటు చెప్పరు. ఇవన్నీ ఆ ఎండలో, ఆ ఇద్దరి మాటల్లోంచి నాకు తెలిశాయి. నాకంటే ముందు ఈ ఇంట్లో ఇంకొక పిల్ల ఉందని తెలిసి, ఏం చేయాలో తోచక బావ చెయ్యి పట్టుకున్నాను.

అమ్మ కింద కూర్చుంది. ఏడవలేదు. "తల ఎటు పెట్టారు?" అని అడిగింది.

"మనింటి వైపే పెట్టాం."

"ఏం చుట్టారు?"

"నా నేత చీర. ఉతికి ఉతికి మెత్తంగా అయిందని అదే చుట్టాను."

మళ్ళీ నాయనమ్మే అంది: "చోటు తెలిస్తే మళ్ళీ మళ్ళీ పోతది, తేరుకోదు, చెప్పమాకన్నారు పెద్దోళ్ళు. నిజమేననుకున్నా. తర్వాత చెబుదామంటే ఎట్టా మొదలుపెట్టాలో తెలవలేదమ్మా. మట్టి తోలుకుపోతారేమోనని మాత్రం ప్రతి వేసవీ చస్తా బతుకుతా ఉన్నా."

"నేను ఈ ఊళ్ళో ఏ దారిన పోయినా కాలు యాడ పడుద్దోనని చూసుకుంటా నడిచాను అత్తయ్యా" అంది అమ్మ.

ఆ మాటకి నాయనమ్మ భోరుమంది. అమ్మ తన కొంగుతో ఆవిడ ముఖం తుడిచింది. ముక్కు కూడా తుడిచింది, నాకు జలుబు చేసినప్పుడు తుడిచినట్టే. తర్వాత చేత్తో సన్నికల్లు మీద మట్టి నెట్టడం మొదలుపెట్టింది. మేమూ నెట్టాం. అంతా కప్పేశాక బావ భయపడుతూ, "మరి కాయ అత్తా?" అన్నాడు.

"ఇవ్వాలని తెచ్చారు గదా, ఇచ్చెయ్యండి" అంది అమ్మ.

బూడిద గుమ్మడికాయని ఆ మట్టి మీదే వదిలి ఇంటికి వచ్చాం. మర్నాడు వడియాల్లేవు. కాయ లేకపోయినా నానబోసిన మినప్పప్పు ఉంది కాబట్టి రుబ్బి గారెలు వేశారు. గారెలు పండక్కీ వేస్తారు, తద్దినానికీ వేస్తారు. ఆ రోజుది ఏదో నేను అడగలేదు. అల్లం పచ్చడితో కడుపు పట్టనన్ని తిన్నాను. నాయనమ్మ కూడా అన్నాళ్ళకి నాలుగు మెతుకులు తిన్నది.

ఆ సాయంత్రం అమ్మ బాబాయి వాళ్ళ వాకిట్లోకి వెళ్ళింది. మరిది ముందు నిలబడి మాట్లాడే అలవాటు లేని మనిషి. నన్ను తోడు తీసుకుపోయింది గానీ, భయం నాకే ఎక్కువ. ట్రాక్టరు దగ్గర కూలీలున్నారు, మట్టి బేరానికొచ్చిన వాళ్ళున్నారు. అమ్మ ఆయన్ని పక్కకి పిలిచి, "మా పెద్దపిల్ల ఆ మూలన ఉంది" అంది.

మా పెద్దపిల్ల. అమ్మ నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. బాబాయి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. సరేనని తలూపి, కూలీల వైపు తిరిగి గొంతు పెంచాడు.

"ఒరే, తూర్పు మూల జోలికి పోయారంటే కాళ్ళిరగ్గొడతా. నిన్న మధ్యాహ్నం అటుగా పోతా నేనే విన్నా, గొలుసుల చప్పుడు. ఈ చెవుల్తో విన్నా!"

దేన్నీ నమ్మని బాబాయి చెప్పాడు కాబట్టి ఊరు ఊరంతా నమ్మింది. నాయనమ్మ ఏళ్ళ తరబడి చెప్పినా రాని నమ్మకం ఆయన ఒక్క అబద్ధంతో వచ్చేసింది. బతికినన్నాళ్ళూ ఆయన ఆ మాట మార్చలేదు. పైగా ఏటికేడూ చప్పుడు పెంచుతూ పోయాడు. ఆ వేసవి దాటేసరికి దిబ్బంతా చేలకి వెళ్ళిపోయింది. తూర్పు మూల ఒక్కటి, తంగేడు పొదతో, అరుగంత ఎత్తున మిగిలింది. తొలకరి పడగానే అమ్మ అక్కడికి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేది. దాపరికమేమీ లేదు, "పెద్దదాన్ని చూసొస్తా" అని చెప్పి మరీ వెళ్ళేది. ఒకోసారి నాయనమ్మా తోడు వెళ్ళేది. ఇద్దరూ తిరిగి వచ్చేటప్పుడు దారిలో గోంగూర కోసుకుని, ధరల గురించి మాట్లాడుకుంటూ వచ్చేవారు. అత్తాకోడళ్ళ మధ్య అలాంటి నెమ్మది నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. అమ్మకి పుట్టిల్లు కొనాల్సిన పని లేదని నాకు మెల్లగా అర్థమైంది.

ఇప్పుడా పూసలూ లేవు, చిల్లపెంకులూ లేవు, వేయించిన చింతపిక్కలు కొరికే పళ్ళూ లేవు. మిరపచేలల్లో ప్లాట్లు వేశారు. కిందటిసారి వెళ్ళినప్పుడు చూశాను. తిన్నగా వచ్చిన సిమెంటు రోడ్డు ఒకచోట ఉన్నట్టుండి వంపు తిరిగి, చిన్న మట్టిదిమ్మని చుట్టి, మళ్ళీ తిన్నగా పోతుంది. ఎందుకిలా వేశారని ఆటో అబ్బాయిని అడిగాను.

"ఆడ లంకెబిందెలున్నయ్యంట మేడమ్. పొక్లెయినోళ్ళు కూడా జడిశారు" అన్నాడు.

కడుపు నిండిపోయింది నాకు. నాయనమ్మకీ, అమ్మకీ, బాబాయికీ అక్కడే మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఇదంతా చెప్పేసరికి ఐర్లండ్ ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఉంది. "మా అన్న కొడుకు ట్రాక్టరు కూడా ఆ కట్ట చుట్టూ తిరిగే పోతుంది" అంది. ఇద్దరం కళ్ళు తుడుచుకుని, ఎనామిల్ గిన్నెని ఎక్కడ తీశామో అక్కడే పెట్టేశాం.

నా మనవరాలు మా మధ్యలో కూర్చుని అంతా విన్నది. ఎంత అర్థమైందో తెలియదు. చాలాసేపు ఆలోచించి, ఆ పాప పేరేమిటని జర్మన్‌లో అడిగింది. పేరు పెట్టలేదని చెప్పాను. దానికి నమ్మశక్యం కాలేదు. వాళ్ళ కీటాలో ప్రతి పిల్లకీ గోడ మీద ఒక కొక్కెం, దాని పైన పేరూ ఒక బొమ్మా ఉంటాయి. దీనికి నత్త బొమ్మ.

"అయితే ఆమె కోటు ఎక్కడ తగిలిస్తుంది?" అని అడిగింది.

మెంతులు చల్లి, నీళ్ళు పోసి, ఇంటికి వచ్చేశాం.

తర్వాతి వారం తోటలో చెక్కగది తలుపు తీశాను. గోడకి కొక్కేలున్నాయి. ఒకదానికి నా కోటు, ఒకదానికి మా ఆయన టోపీ, కింద తక్కువ ఎత్తులో ఉన్నదానికి పిల్ల వానకోటు తగిలిస్తాం. దాని పక్కన ఖాళీ కొక్కెం ఒకటి ఉంటుంది. ఆ ఖాళీ కొక్కెం పైన కాగితం అంటించి ఉంది. రంగుపెన్సిళ్ళతో వేసిన రెండు బిందెలు, మధ్యలో గొలుసు.

అప్పటి నుంచి ఆ కొక్కేనికి మేం ఏమీ తగిలించడం లేదు. అది మా అక్కది.